ఈనిన బర్రెకు పథ్యం

రత్నమాల నోరు మంచిది కాదు. ఊరంతా అనే మాటే ఇది, ఆమె కూడా కాదనేది కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఆ మోతలో పక్కనున్నవాళ్లకు మాట వినపడాలంటే అరవాల్సిందే. పెళ్లయి కోరుట్ల పక్కనున్న ఈ పల్లెకు వచ్చి ఇరవై రెండేళ్లయినా ఆ గొంతు తగ్గలేదు. అన్నంలో రాయి వస్తే వండినవాళ్ల మొహం మీదే చెప్పేది. పెళ్లిలో కూర చప్పగా ఉంటే పెళ్లివాళ్లకే చెప్పేది. అలాంటి మనిషిని ఎవరు ఇష్టపడతారు చెప్పండి!

భర్త చంద్రమౌళి పన్నెండేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. ఆమె పదకొండేళ్లుగా కోరుట్ల పశువైద్య కళాశాలలో అటెండరు. ప్రయోగశాలలో గాజు గొట్టాలు కడగడం ఆమె పని. గొట్టాలు కడిగేవాళ్లకు చెవులుండవని పెద్ద చదువుల వాళ్లు అనుకుంటారు. రత్నమాలకు రెండు చెవులూ బాగానే ఉన్నాయి. ఏటేటా కొత్త పిల్లలు వస్తారు, మధు సారు అదే పాఠం మళ్లీ చెబుతాడు, ఆమె గొట్టాలు తుడుస్తూ మళ్లీ వింటుంది. పదకొండుసార్లు వింటే గోడకైనా వస్తుంది.

ఆ పాఠంలో మధు సారు బోర్డు మీద గుండ్రంగా ఒక చక్రం గీసేవాడు. ఒంట్లో ఉన్న కొవ్వు కరిగి చిన్న చిన్న ముక్కలై వస్తుంది. ఆ ముక్కలు చక్రంలో పడి కాలిపోతే ఒంటికి సత్తువ. కానీ ఒంటరిగా పడలేవు. ఆక్సలోఅసిటేట్ అనే తోడు కావాలి. పశువు తిన్న దాణా, పచ్చిమేత పొట్టలో పులిసి ప్రొపియోనేట్ అవుతుంది, ఆ తోడు తయారయ్యేది దాంతోనే. మేత లేదనుకోండి, తోడూ లేదు. ఉన్న కాస్త తోడును కూడా కాలేయం చక్కెర చేయడానికి లాగేసుకుంటుంది, ఎందుకంటే పొదుగు పాల కోసం చక్కెరను గుంజుతూనే ఉంటుంది. తోడు దొరకని కొవ్వు ముక్కలు కీటోన్లుగా మారి నెత్తురులో, పాలలో, ఉచ్చలో, ఊపిరిలో తేలతాయి. పశువు మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి. అదీ పాఠం. ఈ పాఠం తెలిసినందుకే రత్నమాల మీదికి ఊరు వచ్చింది.

గోడ అవతల ఇల్లు వెంకటేశానిది. చంద్రమౌళి బాబాయి కొడుకు, ఆమెకు మరిది. ఒకప్పుడు రెండు ఇళ్లలోనూ చేమగ్గాలుండేవి. అవి మూలపడ్డాక వెంకటేశం బర్రెల పాలకు మళ్లాడు. రెండు ఇళ్ల మధ్య మోరీ గొడవ ఏడేళ్ల నుంచి ఉంది. వాళ్ల మురికినీళ్లు ఈమె వాకిట్లోకి వస్తాయి, ఈమె తిట్లు వాళ్ల వాకిట్లోకి పోతాయి.

ఆ ఏడు వెంకటేశం భార్య శారదకు పుట్టింటివాళ్లు మేలుజాతి చూడిబర్రెను ఇచ్చారు. పూటకు ఆరు లీటర్లు ఇచ్చే జాతి. వెంకటేశం తల్లి మొగిలవ్వకు దాని మీద ఎంత ప్రేమంటే, ఈనడానికి ముందు రెండు నెలలూ దాన్ని కట్టుకొయ్య దగ్గర నుంచి కదలనివ్వలేదు. పొద్దున బకెట్ నిండా బియ్యం జావ, సాయంత్రం తౌడు. నడుము ఎముక చేతికి తగలనంతగా కొవ్వు పట్టింది. వచ్చేపోయేవాళ్లను పిలిచి మరీ చూపించి మురిసేది.

ఒకరోజు పొద్దున ఆటోకు పోతూ పోతూ రత్నమాల గోడ దగ్గర ఆగింది.

"చిన్నత్తా, బర్రెను గింత బలువనియ్యద్దు. ఈనినంక పడిపోతది, పాలు ఆగిపోతయి. చెప్పలేదనకు మల్ల!"

మంచికే చెప్పింది. కానీ ముందురోజే మోరీ దగ్గర జుట్లు పట్టుకున్నంత పని అయింది. మొగిలవ్వ బకెట్ కింద పెట్టి మెటికలు విరిచింది.

"నీ నోట్ల మన్నువడ! మా బర్రె నిగనిగలాడుతుంటె నీ కండ్లెందుకే మండుతున్నయి?"

బర్రె ఈనింది. దుడ్డె పుట్టింది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బర్రె ఈనితే దాన్నీ బాలింతలాగే చూస్తారు. పచ్చి ఒళ్లు, ఏది పెట్టినా వాతం చేస్తుందని, పురుడు కడిగేదాకా పదకొండు రోజులు దాణా బంద్, పచ్చిగడ్డి బంద్. ఎండు వరిగడ్డి, కొలిచినట్టు గోరువెచ్చటి నీళ్లు, మధ్యలో రెండు రోజులు ఇంత బెల్లం ముక్క. మొగిలవ్వ అత్త అలాగే చేసింది, ఆ అత్తకు అత్త అలాగే చేసింది. వాళ్ల కాలపు బర్రెలు రెండు లీటర్లు ఇచ్చేవి కాబట్టి తట్టుకున్నాయి. ఈ బర్రెకు కడుపుతో ఉన్నప్పుడు వద్దన్నా కుక్కి, పాలు ధారలు కట్టే రోజుల్లో కడుపు మాడ్చారు. ప్రేమతో చేశారు. ప్రేమతో చేసే తెలివితక్కువ పనికి మందు ఉండదు.

తొమ్మిదో రోజుకు ఆరు లీటర్లు ఒక లీటరైంది. బర్రె గడ్డి ముట్టలేదు. కొట్టం గోడ నాకడం మొదలుపెట్టింది, నిలబడితే తూలింది. దాని ఊపిరిలో మురిగిన పండు వాసన వచ్చింది. పాలలోనూ అదే వాసన వచ్చిందని శారద చెబితే, మొగిలవ్వ కొడుకును మంత్రం చూసే మనిషి దగ్గరికి పంపింది.

ఆ మనిషి మీది ఏ ఊరు, ఎవరితో పడదు అని ముందే అన్నీ అడిగి తెలుసుకున్నాడు. తర్వాత పసుపు రాసిన ఆకు మీద సున్నపు నీళ్లు చల్లాడు. ఆకు ఎర్రబడింది. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబడుతుందని హారతి పళ్లెం కలిపే ప్రతి ఆడమనిషికీ తెలుసు. కానీ ఆయన చేతిలో ఎర్రబడితే అది నెత్తురు.

"మీ పాలోళ్లల్ల ఆడమనిషి. గోడ అవుతల నుంచి నోటితోటి మంత్రం పెట్టింది," అన్నాడు. పాలోళ్లంటే దాయాదులు, గోడ అవతల ఉన్న దాయాది రత్నమాలే.

శుక్రవారం ఐదింటికి రత్నమాల ఆటో దిగేసరికి ఆమె వాకిట్లో ఇరవై మంది ఉన్నారు. ముందు కులపెద్ద ఆగయ్య, పక్కన వెంకటేశం.

"వదినా, నువ్వు పెట్టింది నువ్వే తియ్యాలె," అన్నాడు వెంకటేశం.

"ఏం పెట్టిన్రా?"

"ఈనకముందే అన్నవు గద, పడిపోతదని, పాలు ఆగిపోతయని. గట్లనే అయింది. నీకెట్ల తెలిసె?"

"సదువుకున్నోళ్లు చెప్తుంటె విన్న! ఈనిన బర్రెకు తిండి పెట్టకుంటె ఏమైతదిరా? పండుగ చేసుకుంటదా?"

"గిదే నోరు," అంది మొగిలవ్వ వెనక నుంచి. "గీ నోరే తిన్నది నా బర్రెను."

ఆగయ్య గొంతు సవరించుకున్నాడు. పెద్దమనిషి కదా, నెమ్మదిగానే అన్నాడు. "ఆదివారం దాక టైం ఇస్తున్నం రత్నమాలా. తియ్యి. తియ్యకుంటె పండ్లు వీకుడే."

ముందు పళ్లు లేకపోతే మంత్రం నోట్లో తిరగదని పాత నమ్మకం. రత్నమాలకు చిన్నప్పుడు సిరిసిల్లలో తమ వీధి చివర ఉండే ఒక ముసలావిడ గుర్తొచ్చింది. మూతి లోపలికి పోయి ఉండేది, జావ తప్ప ఏమీ తినేది కాదు. ఎందుకని అడిగితే అమ్మ చెప్పేది కాదు. ఇప్పుడు, నలభై నాలుగేళ్ల వయసులో, సొంత వాకిట్లో అర్థమైంది. భయం కనపడకుండా ఉండాలని ఇంకా గట్టిగా తిట్టింది.

చంద్రమౌళికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "మెల్లగ మాట్లాడరాదే. నోరు మంచిదైతె ఊరు మంచిదంటరు గద," అన్నాడు. ఆమె ఫోన్ కట్ చేసింది. పోలీసులకు చెప్పాలనీ అనుకుంది. పోలీసు వస్తే ఒక పూట ఉంటాడు. ఈ ఊరు బతికినన్నాళ్లూ పక్కనే ఉంటుంది. ఇల్లు అమ్ముకుని పోదామంటే కట్టింది మస్కట్ ఎండలో కాల్చుకున్న పన్నెండేళ్లతో.

శనివారం కాలేజీలో మధు సారుకు చెప్పింది. సారు మొహం మాడింది. "నేను ఇప్పుడు జగిత్యాల పోవాలె, రేపు పొద్దున్నే వస్త. ఇది తీస్కపో," అని చిన్న సీసాలో తెల్లటి పొడి ఇచ్చాడు. గొట్టాలు కడిగీ కడిగీ ఆమెకు ఆ పొడి సంగతి తెలుసు. కీటోన్లు ఉన్న ఉచ్చ పడితే నిమిషంలో వంకాయ రంగు వస్తుంది.

సాయంత్రం అందరినీ తానే పిలిచింది. శారద బర్రె ఉచ్చ చెంబులో పట్టి తెచ్చింది. ఆగయ్య సొంత బర్రెది ఇంకో చెంబులో తెప్పించింది. రెండు తెల్ల సాసర్లలో పొడి పోసి ముందు ఆగయ్య బర్రెది నాలుగు చుక్కలు వేసింది. ఏమీ కాలేదు. తర్వాత వెంకటేశం బర్రెది వేసింది. పొడి అంచుల నుంచి ఊదాగా మారుతూ మారుతూ ముదురు వంకాయ రంగైంది. జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

"చూసిన్రా? ఇది రోగం. మీరు నేతోళ్లే గద, మీ భాషలనే చెప్త," అంది. అరవకూడదని తనకు తానే చెప్పుకుని అరవకుండానే చెప్పింది. "ఒంట్ల కొవ్వు పేక అనుకోండ్రి. తిండిల నుంచి అచ్చేది పడుగు. పడుగు లేకుండ పేక ఎంతుంటె ఏం లాభం? బట్టయితదా? నూలు కుప్పవడి చిక్కువడతది. కడుపు మాడితె బర్రె ఒంట్ల కొవ్వు కరిగి అస్తది, గని దాన్ని కాల్చెతందుకు తోడు లేదు. గా తోడును కార్జం చెక్కెర కోసం గుంజుకుంటది, చెక్కెరనేమో పొదుగు గుంజుకుంటది. మిగిలిన కొవ్వు చిక్కువడి విషమయితది. గా మురిగిన వాసన గదే, గీ రంగు గదే."

ఆగయ్య తల ఊపాడు. చిన్నప్పుడు పడుగు చేసిన చేతులు ఆయనవి, మాట ఎక్కడో తగిలింది. రత్నమాల ఊపిరి పీల్చుకుంది. ఆ ఒక్క క్షణం అంతా సర్దుకుపోతుందని నిజంగా నమ్మింది.

"మన కండ్ల ముందల రంగు మార్చింది!" అని మొగిలవ్వ కేక పెట్టింది. "ఆయన ఆకు మీద ఎరుపు తెచ్చి దొంగను వట్టిండు, ఇది నలుపు తెచ్చింది. ఇంకేం సాక్ష్యం గావాలె?"

"మరి నా బర్రెది ఎందుకు తెప్పిచ్చినవే?" అన్నాడు ఆగయ్య, తల ఊపడం మానేసి. "దాని మీదగూడ ఏమన్న చేసినవా?"

ఏం చెప్పాలి వీళ్లకు! చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుడు పడటం లేదా అని అడిగాడట. రత్నమాల సాసర్లు రెండూ ఎత్తి మోరీలోకి విసిరింది. ఆగయ్య తాతను, ముత్తాతను కలిపి తిట్టింది.

ఆదివారం పొద్దున మధు సారు వచ్చాడు. వెంకటేశం కొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు. మంత్రం మీద ఉన్న పశువుకు సూది తగిలితే చస్తుందని చూసే మనిషి చెప్పాడట. అప్పుడు శారద మొగుణ్ని నెట్టుకుని ముందుకు వచ్చింది.

"బర్రె మా అవ్వగారిచ్చింది. సస్తె నాది సస్తది. సూదెయ్యండి సార్."

సారు మెడ నరానికి గ్లూకోజు సీసాలు ఎక్కించాడు. రోజూ పొద్దునా సాయంత్రం పట్టమని చిక్కటి తియ్యమందు ఇచ్చాడు. తౌడు గుప్పెడు గుప్పెడు పెంచమన్నాడు, పచ్చి మక్కజొన్న చొప్ప వేయమన్నాడు.

"బెల్లం వెట్టిన గద నేను!" అంది మొగిలవ్వ.

"పొట్టల ఉండే సూక్ష్మజీవులు బెల్లాన్ని ముందే తినేస్తయమ్మా. బర్రె దాక రాదు. నాలుగు రోజులు చూడండి."

ఆగయ్య గడువు గురువారానికి మార్చాడు. రత్నమాల ఆ నాలుగు రోజులూ గోడ మీదుగా బర్రెను చూస్తూనే ఉంది. సొంత బిడ్డకు జ్వరమొచ్చినా అంత చూసి ఉండదు. సోమవారం గోడ నాకడం మానింది. మంగళవారం చొప్ప కొరికింది. బుధవారం సాయంత్రం శారద పాలు పిండుతుంటే బకెట్‌లో ధార మోగింది. రత్నమాల ఒక్కతే వంటింట్లో నిలబడి ఏడ్చింది. బతికాననుకుంది.

గురువారం సాయంత్రం వాళ్లు మళ్లీ వచ్చారు.

దండం పెట్టడానికి వచ్చారనుకుంది, పాపం. చాప కూడా పరిచింది. ఎవరూ కూర్చోలేదు. వెంకటేశం చేతిలో పట్కారు ఉంది. ఆమెకు ఆ పట్కారు తెలుసు. మామగారు మగ్గం బోల్టులు బిగించుకున్నది దాంతోనే.

"సచ్చే బర్రె లేసి నిలవడ్డది," అంది మొగిలవ్వ. "తీసిందంటె పెట్టిందే గద!"

"డాక్టర్ సూదిచ్చిండు కదనే! మీ కండ్ల ముందల!"

"సూది ఆయనది, మంత్రం నీది. నువ్వు విలిస్తెనే గద అచ్చిండు. ఇయ్యాల మాది తీసినవు, రేపు ఎవలకు పెడ్తవో?"

ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకున్నారు. రత్నమాల శారద వైపు చూసింది. బర్రె కోసం మొగుణ్నే నెట్టిన శారద ఇప్పుడు నేల చూపులు చూసింది. ఆ చూపుకు రత్నమాలకు లోపల ఏదో తెగింది. నిజం గోడ మీద నుంచి చెప్పింది. వాకిట్లో చెప్పింది. సాసర్లో వేసి చూపించింది. బర్రెనే లేపి నిలబెట్టింది. ఇంకా ఎక్కడ చూపించాలి నిజాన్ని!

మొట్టమొదటిసారి ఆమె గొంతు తగ్గింది. ఎంత తగ్గిందంటే వినడానికి అందరూ దగ్గరికి వంగారు.

"సరే. నేనే వెట్టిన."

వెంకటేశం చేతిలోని పట్కారు వైపు మొహం తిప్పింది.

"వీకుండ్రి పండ్లు. గని ఒక్క మాట ఇనుండ్రి. పండ్లు వోతె మంత్రం నోట్ల తిరగదంటిరి గద. తిరగకపోతె తీసుడుగూడ రాదు. ఇప్పటికే ఎవలెవల బర్రెల మీద ఏమేం వెట్టిన్నో నాకే యాదికి లేదు. రేపు ఆగయ్య మామ బర్రె వడిపోతె తీసెటోళ్లెవలు? వీకు వెంకటేశం, వీకు!"

నోరు తెరిచి పళ్లు చూపించింది. వెంకటేశం చెయ్యి కిందికి జారింది. రెక్కలు పట్టుకున్నవాళ్లు పొయ్యి మీది గిన్నెను వదిలినట్టు వదిలారు.

"ఇంగో మాట," అంది. ఇక ఆగలేదు. "ఈనిన బర్రెకు పథ్యం వెట్టిన ఇంటి మీద వడతది నా నోరు. ఈనిన దినం సంది దాణ వెట్టాలె, దినదినం పెంచాలె. పచ్చిమేత ఎయ్యాలె. చూడిబర్రెను బలువనియ్యద్దు. ఎవలన్న కడుపు మాడిస్తె, గోడ అవుతల నుంచి గాదు, కోరుట్లల కూసోని పెడ్త!"

వాకిలి ఖాళీ అయింది. చాప అలాగే ఉంది. ఆమె తలుపు వేసుకుని, దానికి వీపు ఆనించి కూర్చుని, నాలుకతో ఒక్కో పన్నూ తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. సంతోషం రాలేదు, సిగ్గు వచ్చింది. పెళ్లివాళ్ల కూర చప్పగా ఉందని పెళ్లివాళ్లకే చెప్పిన మనిషి, బతకడానికి ఇంత పెద్ద అబద్ధం ఆడింది.

ఆ తర్వాత ఊళ్లో బర్రె ఈనిందంటే ఆ పూటే దాణా తొట్టిలో పడుతోంది. శారద అయితే రత్నమాలకు కనపడేలా గోడ పక్కన నిలబడి మరీ పోస్తుంది, మాట మాత్రం కలపదు. మోరీ ఎవరూ అడగకుండానే అటు తిప్పేశారు. బతుకమ్మ ఆడేటప్పుడు రత్నమాలకు అటూ ఇటూ ఇద్దరు పట్టేంత జాగా వదులుతారు. ఆమె తిట్టినా ఇప్పుడు ఎవరూ తిరిగి తిట్టరు. దానికే ఆమెకు ఎక్కువ మంట.

రెండేళ్లు గడిచాక ఒకరోజు మధు సారు ఆస్పత్రి రిజిస్టర్ తిరగేస్తూ ప్రయోగశాలలోకి వచ్చాడు.

"రత్నమాలా, పక్క ఊర్ల నుంచి నెలకు మూడు నాలుగు కీటోసిస్ కేసులు వస్తనే ఉన్నయి. మీ ఊరి నుంచి రెండేండ్ల సంది ఒక్కటి రాలేదు. పిల్లలను తీస్కపోయి ఎన్ని మీటింగులు పెట్టినా ఎవరు వినరు. మీ ఊర్ల నువ్వేం చెప్పినవు?"

ఆమె గొట్టం అడుగున పట్టిన వంకాయ రంగును బ్రష్‌తో రుద్దుతోంది.

"ముందుగాల నిజం చెప్పిన సార్. ఇనలె."

"మరి?"

"తర్వాత అబద్ధం చెప్పిన. ఇన్నరు."

సారుకు అర్థం కాలేదు. ఆమె గొట్టాలు బోర్లించి, చేతులు తుడుచుకుని, ఐదు గంటల ఆటోకు పోయింది. ఏడుగురు పట్టే ఆటోలో పదకొండు మంది ఎక్కారు. డ్రైవర్ పక్కన ఇద్దరు వేలాడారు, వెనక ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. రత్నమాల పక్కన సీటు ఊరొచ్చేదాకా ఖాళీగానే ఉంది.